గాలియాడు పెట్టె

కంప్యూటరును వాడువారిలో పెక్కుమంది బల్ల ప్రక్కన నిలిచియుండు నల్లని పెట్టెను చూపి "ఇది సి.పి.యు." అని చెప్పుదురు. అది పెట్టెకు తగిన పేరు కాదు. సి.పి.యు. అనగా లోపల మదర్‌బోర్డుపై అమర్చబడిన ప్రాసెసరు. తపాలా బిళ్ళకంటె కొంచెము పెద్దదిగా నుండు ఒక చదరపు బిళ్ళ. ఆ బిళ్ళను, దాని పరివారమును తనలో ఉంచుకొని కాపాడు రేకు పెట్టెకు బజారులో క్యాబినెట్ అని పేరు. ఇంటిని చూపి ఇంటి యజమాని పేరు చెప్పినట్లు, లోకము ఈ పెట్టెకు లోపలివాని పేరు పెట్టినది. తన పేరు తనకు దక్కని వస్తువునకు శ్రద్ధ దక్కునా? కంప్యూటరును భాగములుగా కొని కూర్చుకొనువారు ప్రాసెసరును గూర్చి పది దినములు ఆలోచింతురు. ర్యామ్ ఎంత యుండవలెనని స్నేహితులతో వాదింతురు. చివరకు చేతిలో మిగిలిన సొమ్ముతో, అద్దము మెఱయుచున్నదనియో, రంగుదీపములు బాగున్నవనియో, ఏదో ఒక పెట్టెను పుచ్చుకొని యింటికి వత్తురు. "పైన పటారము, లోన లొటారము" అను సామెతకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము.

పెట్టె లోపలి భాగములను ధూళినుండియు, చేతి తాకిడినుండియు కాపాడును. ఇది అందఱికిని తెలిసినదే. పెక్కుమందికి తోచనిది దాని రెండవ పని. లోపల పుట్టిన వేడిమిని క్షణక్షణమును బయటికి పంపుటకు అది త్రోవ చూపవలెను. ఈ పనిలో అది మన పాత మండువా లోగిలికి చుట్టమనవచ్చును. ఆ యిండ్లను కట్టిన మేస్త్రీలు వీధి తలుపునకును పెరటి తలుపునకును సూటిగా దారి విడిచెడివారు. రెండును తెఱచినచో గాలి ఒకవైపున ప్రవేశించి, ఇల్లంతయు తిరిగి, రెండవవైపున వెడలిపోవును. తలుపు ఎంత అందముగా చెక్కినను, రెండవ తలుపు లేని యింటిలో గాలి ఆడదు. పెట్టె విషయమును అంతియే. అయితే పోలికను మరీ దూరము లాగరాదు. వేడి గాలి తానై పైకి లేచుట మండువాలో గొప్ప సాయమే కాని, రెండడుగులైనను లేని పెట్టెలో ఆ బలము మిక్కిలి స్వల్పము. అక్కడ గాలిని నడిపించునది ఫ్యాను.

1981 లో ఐ.బి.యం. సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినపుడు ఈ చింత లేదు. దానిలోని 8088 ప్రాసెసరుపై లోహపు రెక్కలు గాని, ఫ్యాను గాని లేవు. యంత్రమంతటికిని విద్యుత్తు నందించు భాగము యొక్క శక్తి 63.5 వాట్లు మాత్రమే. ఆనాటి యింటి దీపము ఒక్కటి తినునంత. ఆ భాగములోని ఫ్యానే పెట్టెనంతటిని చల్లబఱచెడిది. తరువాత ప్రాసెసరుల వేగము పెరిగినకొలది వేడిమియు పెరిగెను. వానిపై మొదట లోహపు రెక్కలు వచ్చి కూర్చుండెను. రెక్కలపై ఫ్యాను వచ్చి కూర్చుండెను. 1995 లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను అమరికను ప్రకటించి, మదర్‌బోర్డునకు 305 మిల్లీమీటర్ల పొడవును, 244 మిల్లీమీటర్ల వెడల్పును కొలతగా నిర్ణయించెను. 2004 నాటికి ఆ సంస్థవారి పెంటియం 4 శ్రేణిలో కొన్ని ప్రాసెసరులు 115 వాట్ల వేడిమిని వెలువరించుచుండెను. అప్పుడు వారే, భాగములన్నియు గాలి వీచు దారిలో వరుసదీరి యుండునట్లు, బి.టి.ఎక్స్. అను క్రొత్త అమరికను తెచ్చిరి. ఊహ మంచిదే. కాని ఇంతలో తక్కువ వేడిమితో పనిచేయు ప్రాసెసరులు వచ్చుటచే 2006 లో దానిని విరమించిరి. వేడిమి మాత్రము విరమించుకొనలేదు. 2023 లో వచ్చిన కోర్ ఐ9 14900కె అను ప్రాసెసరు గరిష్ఠముగా 253 వాట్లు గ్రహించును.

ఇంత విద్యుత్తు ఏమగును? పంకాకు ఇచ్చిన విద్యుత్తు గాలిని కదల్చును. మోటారునకు ఇచ్చినది నీటిని పైకి తోడును. ప్రాసెసరు చేయునది లెక్క. లెక్కకు బరువు లేదు, ఎత్తవలసినదేమియు లేదు. కావున అది గ్రహించిన విద్యుత్తు దాదాపు యావత్తును వేడిమిగా మారును. నూఱు వాట్లు పోసినచో నూఱు వాట్ల వేడి పుట్టును. ఆ వేడిని బయటికి పంపనిచో ప్రాసెసరు తన్ను తాను రక్షించుకొనుటకై మొదట వేగము తగ్గించును; అప్పటికిని చల్లబడనిచో యంత్రమునే ఆర్పివేయును.

జమ్మికుంటలో శుభలేఖలు కూర్చి అచ్చునకు పంపు ఒక చిన్న దుకాణదారునకు 2023 మే మాసములో జరిగినది ఇదియే. వైశాఖ, జ్యేష్ఠ మాసములలో పెండ్లిండ్లు మెండు. ఆ రెండు నెలల రాబడితోనే అతడు దుకాణపు అద్దెను, పాలిటెక్నిక్ చదువుచున్న కుమార్తె రుసుమును చెల్లించుకొనవలెను. పూర్వము కాగితపు పత్రికతో పని ముగిసెడిది. ఇప్పుడు వధూవరుల బొమ్మలతో, సన్నాయి పాటతో, రెండు నిమిషముల వీడియో పత్రిక కూడ కావలెనని జనులు కోరుచున్నారు. ఆ వీడియో కూర్చునపుడే చిక్కు వచ్చినది. మధ్యాహ్నము మూడు గంటలకు, పని సగములో నుండగా, తెఱ నల్లబడి యంత్రము ఆరిపోవును. అరగంట ఆగి వెలిగించినచో పనిచేయును; మరల ఆరిపోవును. బెంచీ మీద పెండ్లికూతురి తండ్రి కూర్చుండి గడియారము చూచుచుండెను. ముహూర్తము ఇంకను పదకొండు దినములే యున్నది. ఆ వారములో ఇద్దఱు బేరగాండ్రు ఇచ్చిన పని తిరిగి పుచ్చుకొని హుజూరాబాదు పోయిరి.

బాగుచేయువానిని పిలిచిరి. అతడు ఎస్.ఎం.పి.ఎస్. చెడినదని, మార్చవలెనని చెప్పెను. అది 2,800 రూపాయల ఖర్చు. మఱియొకడు ప్రాసెసరునకును లోహపు రెక్కలకును నడుమ పూయు థర్మల్ పేస్టు ఎండిపోయినదని చెప్పి, క్రొత్తది పూసి 300 రూపాయలు పుచ్చుకొనెను. ఫలితము స్వల్పము. కుమార్తె సెలవులకు ఇంటికి వచ్చియుండెను. ఆమె ఎవరిని అడుగక యంత్రమునే అడిగెను. ప్రాసెసరు ఉష్ణోగ్రతను తెఱపై చూపు చిన్న ప్రోగ్రాము నొకదానిని వేసి, వీడియో పనిని నడిపించి, కాగితముపై వ్రాసికొనెను. గది 41 డిగ్రీలు; ప్రాసెసరు 97.

"బాపూ, ప్రక్క రేకు ఒకసారి విప్పి చూతుమా?" అని అడిగెను.

"ఏమో బిడ్డా! విప్పిన తరువాత మరల బిగియునో లేదో" అని అతడు సంశయించెను. అయినను స్క్రూలు తీసి ఇచ్చెను.

ప్రక్క రేకు తీసి అదే పనిని మరల నడిపించినపుడు ప్రాసెసరు 82 డిగ్రీల వద్ద నిలిచెను. ఈ చిన్న పరీక్ష ఎవరైనను చేయదగినది. రేకు విప్పిన వెంటనే వేడి పదిహేను డిగ్రీలు తగ్గినదనగా, ప్రాసెసరుపై నున్న రెక్కలకు గాని, పేస్టునకు గాని దోషము లేదు, ఎస్.ఎం.పి.ఎస్. నిరపరాధి. పెట్టెయే ఊపిరాడనీయకున్నది. రేకు విప్పినను వేడి తగ్గనిచో, అప్పుడు పేస్టును, రెక్కలను అనుమానింపవచ్చును.

పెట్టెను పరికించి చూడగా సంగతి తెలిసినది. రెండేండ్ల క్రిందట ముచ్చటపడి 3,600 రూపాయలకు కొన్న ఆ పెట్టెకు ముందు తలుపంతయు అద్దమే. అద్దము వెనుక రంగురంగుల దీపములతో మూడు ఫ్యానులు సుడులు తిరుగుచుండెను. వానికి గాలి దొరకు దారి యేది? అద్దమునకును రేకునకును నడుమ వ్రేలైనను పట్టని సందు ఒక్కటి. వెనుకవైపున గాలిని బయటికి త్రోయు ఫ్యాను అమర్చుటకు చోటు ఉన్నదే కాని ఫ్యాను లేదు. మూడు ఫ్యానులును లోపలి వేడి గాలినే మరల మరల త్రిప్పుచుండెను. గోడవైపు మొగము పెట్టి విసనకఱ్ఱతో విసరుకొన్నట్లుండెను ఆ వైభవము.

"రేకు విప్పియే యుంచి ప్రక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకొందము. ఖర్చు లేదు" అని తండ్రి యనెను. నాలుగు దినములు అట్లే నడచెను. ఇది చాలమంది చేయు పనియే. అక్కఱ గడచువఱకు తప్పును కాదు. కాని ఐదవ దినమున గ్రాఫిక్స్ కార్డుపై ఒక బల్లి హాయిగా పడుకొనియుండుట కనబడెను. విద్యుత్తు పాఱు బోర్డుపై బల్లి తోక రెండు మొనలను కలిపినచో నలువదివేల యంత్రము కాలిపోవును. అంతటితో పెట్టె మార్చక తప్పదని తేలినది. తండ్రి పెట్టగలిగిన సొమ్ము 3,500 రూపాయలు.

బయలుదేఱుటకు ముందు కుమార్తె ఒక లెక్క కట్టెను. ఎనిమిదవ తరగతి విద్యార్థి సయితము దీనిని చేయవచ్చును. ఆ యంత్రములో ప్రాసెసరు 65 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 130, మిగిలినవన్నియు కలిసి 45. మొత్తము 240 వాట్లు. అనగా సెకనునకు 240 జౌళ్ళ వేడిమి. వేసవి గాలి ఒక లీటరు ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 1.14 జౌళ్ళు పుచ్చుకొనును. పెట్టెలోనికి పోయిన గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి రావలెనన్నచో, ప్రతి లీటరును 11.4 జౌళ్ళను మోసికొని పోవును. 240 ని 11.4 చే భాగింపగా 21 వచ్చును. సెకనునకు 21 లీటర్ల గాలి కావలెను. సామాన్యమైన పెట్టె లోపలి చోటు 40 లీటర్లు. కావున రెండు సెకన్లకొకసారి పెట్టెలోని గాలి యావత్తును మారిపోవలెను! ఇది వినుటకు గొప్పగా నున్నను అసాధ్యము కాదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి, అడ్డు లేనిచోట, ఇంచుమించు అంత గాలిని త్రోయగలదు. ఫ్యానుల పెట్టెలపై సి.ఎఫ్.ఎం. అను కొలత వ్రాసియుందురు. నిమిషమునకు ఎన్ని ఘనపుటడుగులని దాని యర్థము. 21 లీటర్లనగా సుమారు 45 సి.ఎఫ్.ఎం. అయితే ముందు జాలి, దుమ్ము వడకట్టు తెర, లోపలి తీగెలు అడ్డుపడుటచే వ్రాసిన దానిలో చాల భాగము పోవును. అందుచే రెండు ఫ్యానులు గాలిని లోపలికి తెచ్చుటకును, ఒకటి బయటికి పంపుటకును ఉన్నచో ఇట్టి యంత్రమునకు చాలును. ఆఱు, ఏడు ఫ్యానులు అలంకారమునకే.

తండ్రియు కుమార్తెయు తెల్లవాఱుజామున రైలెక్కి, కాజీపేట మీదుగా సికింద్రాబాదు చేరిరి. అచట ప్యారడైజు దాపున పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు కలదు. కంప్యూటరు భాగములు కొనువారికి ఆ భవనము సుపరిచితము. అంతస్తు తరువాత అంతస్తుగా ఇఱుకైన దుకాణములు; గుమ్మముల ముందు తలయెత్తు పేర్చిన అట్టపెట్టెలు; బేరములు. కుమార్తె చేతిలో ఒక చీటీ యుండెను. మదర్‌బోర్డు 244 మిల్లీమీటర్ల చదరము, మైక్రో ఏ.టి.ఎక్స్.; గ్రాఫిక్స్ కార్డు పొడవు 242; ప్రాసెసరుపై నుండు కూలరు ఎత్తు 155. ఈ మూడు కొలతలు లేక పెట్టె కొనుటకు పోవుట, పాదము కొలత తెలియక చెప్పులు కొనుట వంటిది. పెట్టె వెడల్పు చాలనిచో ప్రక్క రేకు కూలరునకు తగిలి మూతపడదు. ఇంటికి వచ్చిన తరువాత ఆ సంగతి తెలిసినచో మరల రైలు ఖర్చు.

దుకాణములోని యువకుడు మొదట చూపినది మూడువైపుల అద్దములు గల పెట్టె. ధర 4,200. కొనువారే దానిని "చేపల తొట్టి" అని పిలుచుచున్నారట.

"అన్నా, ఇందులోనికి గాలి ఎటునుండి వచ్చును?" అని ఆమె అడిగెను.

"క్రింద నుండి, ప్రక్క నుండి వచ్చును చెల్లె. కాని ఆ ఫ్యానులు వేఱుగా కొనుక్కోవలెను" అని అతడు నిజమే చెప్పెను.

అద్దము ఉన్నంతమాత్రమున పెట్టె చెడ్డది కాదు. అడుగునను ప్రక్కనను విశాలమైన జాలియుండి, అచట ఫ్యానులు పెట్టినచో అదియు చల్లగానే యుండును. కాని 3,500 రూపాయలు చేతబట్టుకొని వచ్చినవారికి ఆ దారి లేదు.

రెండవది 3,400 రూపాయలది. ముందు జాలి యున్నది. రంగుదీపముల ఫ్యానులు నాలుగు ముందుగనే బిగించియున్నవి. తండ్రి కన్ను దానిపై నిలిచెను. "నాలుగు ఫ్యానులు ఉచితమే గదా బిడ్డా!" అనెను. ఆమె వెనుక రేకు తీయించి ఫ్యానుల తీగెలను చూచెను. అవి మదర్‌బోర్డునకు పోవునవి కావు, ఎస్.ఎం.పి.ఎస్. నుండి నేరుగా విద్యుత్తు తీసికొను పెద్ద నాలుగు మొనల ప్లగ్గు గలవి. ఇట్టి ఫ్యానులకు వేగము తగ్గించుకొనుట తెలియదు. యంత్రము ఊరక కూర్చుండినను, ఊపిరాడక పనిచేయుచున్నను అవి ఒకే వేగముతో ఒకే హోరుతో తిరుగుచుండును. బోర్డునకు తగిలించు నాలుగు సన్నని మొనల ఫ్యాను అట్లు కాదు. వేడి పెరిగినపుడు వేగిరపడును, తగ్గినపుడు నెమ్మదించును. ఫ్యాను వేగము కొంచెము తగ్గినను చప్పుడు చాల తగ్గును. రోజంతయు బేరగాండ్రతో మాటలాడు దుకాణములో ఇది చిన్న విషయము కాదు. అదియునుగాక, ఆ జాలి దగ్గఱకు పోయి చూడగా దాని వెనుక దట్టమైన ప్లాస్టిక్కు పలక యుండెను. రంధ్రములు పైపై చిత్రములే. ఆమె చేతి ఫోను దీపమును వెలిగించి ముందునుండి పట్టెను. వెలుగు లోపలికి పోలేదు. వెలుగు పోనిచోట గాలి పోదు.

మూడవది మూలలో నుండెను. నల్లని పెట్టె; ముందంతయు సన్నని ఉక్కు జాలి; ప్రక్కన అద్దమునకు బదులు రేకు. దీపములు లేవు. వెనుక ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను మాత్రమే యున్నది. ధర 2,500. ఫోను వెలుగు ఈవలనుండి ఆవలకు దూసికొనిపోయెను. ప్రక్క రేకును బొటనవ్రేలితో నొక్కగా లొత్తపడలేదు. చౌకపెట్టెల రేకు కొన్ని అర మిల్లీమీటరు మందమైనను ఉండదు. ఫ్యాను తిరుగునపుడు గలగలలాడును, అంచులు కత్తివలె వ్రేళ్ళను కోయును. ఈ పెట్టె అంచులను మడచియుండిరి. అడుగున ఎస్.ఎం.పి.ఎస్. గూడు, దాని క్రింద లాగి తీయదగిన దుమ్ముతెర ఉన్నవి. పాత పెట్టెలలో ఎస్.ఎం.పి.ఎస్. పైన నుండి, ప్రాసెసరు విడిచిన వేడి గాలినే పీల్చుచుండెడిది; అడుగున నున్నచో అది బయటి చల్లని గాలిని వేఱుగా తెచ్చుకొనును. లోపలి కొలతలు చీటీతో సరిపోయెను.

"ఇది చూచుటకు మన వడ్లబస్తావలె నున్నది" అని తండ్రి కొంచెము నిరాశతో అనెను. "దుకాణమునకు వచ్చినవారు ఏమనుకొందురు?"

"పాతది చూచి ఏమనుకొనిరి బాపూ? ఆరిపోయినదనుకొనిరి" అని ఆమె బదులు చెప్పెను. దుకాణపు యువకుడు నవ్వి, పెట్టెను దించెను.

నాలుగు మొనల ఫ్యానులు రెండు, ఒక్కొక్కటి 400 చొప్పున కొనిరి. మొత్తము 3,300. పన్నుతో సరియైన రసీదు అడిగి తీసికొనిరి. ఫ్యాను చెడినచో బదులు పుచ్చుకొనుటకు అది కావలెను.

ఇంటికి వచ్చి కూర్చునపుడు ఒక సందేహము కలిగెను. ఫ్యాను గాలిని ఎటు త్రోయునో చూచినంతనే తెలియదు. సామాన్యముగా రెక్కలు బాహాటముగా కనబడు వైపు గాలిని పీల్చును. చట్రపు కమ్ములు అడ్డముగా నుండు వైపు విడుచును. ముందు ఫ్యానుల కమ్ములు లోపలికిని, వెనుక ఫ్యాను కమ్ములు బయటికిని ఉండవలెను. అన్నియు బిగించిన తరువాత ఆమె దేవుని గూటిలోని అగరువత్తి నొకదానిని వెలిగించి ముందు జాలి యెదుట పట్టెను. పొగ తీగెవలె సాగి లోపలికి పోయెను. క్షణములో వెనుకనుండి చెదరి వెడలెను. చిన్న పరీక్షయే కాని, గాలి నడకను కంటితో చూపునది ఇంతకంటె చౌకైనది లేదు. లోనికి తెచ్చు ఫ్యానులు రెండు, పంపునది ఒకటి యగుటచే లోపల గాలి కొంచెము నిండుగా నుండును. అందుచే సందులన్నింటినుండి గాలి బయటికే వచ్చును గాని, దుమ్ము సందులగుండ లోపలికి దూరదు. వచ్చు దుమ్మంతయు ముందు తెరపైననే నిలుచును. బయటికి పంపునవి ఎక్కువైనచో దీనికి విరుద్ధముగా జరుగును.

ఇంకొక అడ్డంకి మిగిలియుండెను. కంప్యూటరు బల్ల క్రింద పెట్టె కొఱకని చేసిన చెక్కగూడు మూడువైపుల మూసియున్నది. వడ్రంగులు ఎందుచేతనో ఈ గూళ్ళను వెనుకవైపున కూడ మూసి, తీగెలకు మాత్రము ఒక గుండ్రని రంధ్రము విడుతురు. మంచి పెట్టెను కొని ఇట్టి గూటిలో పెట్టుట, గాలి కొఱకు కిటికీ తెఱచి దాని యెదుట బీరువా నిలిపినట్లు. పెట్టె విడిచిన వేడినే అది మరల పీల్చును. వారు పెట్టెను గూటినుండి తీసి, గోడకు జానెడు దూరముగా చిన్న పీటపై నిలిపిరి. తల్లి దానిపై కప్పుటకై ముచ్చటగా అల్లిన దారపు గుడ్డ ప్రింటరుపైకి చేరినది.

మరునాడు మధ్యాహ్నము గది 42 డిగ్రీలు. గంటసేపు వీడియో పని నడిపించిరి. ప్రాసెసరు 80 డిగ్రీలు దాటలేదు. ఇచట ఒక విషయము గమనింపదగియున్నది. ఏ ఫ్యానును గదిలోని గాలికంటె చల్లని గాలిని తేజాలదు. కావున ప్రాసెసరు ఉష్ణోగ్రతను ఒంటిగా చూడరాదు. అందుండి గది ఉష్ణోగ్రతను తీసివేసి చూడవలెను. మునుపు 97 లో 41 పోగా 56. ఇప్పుడు 80 లో 42 పోగా 38. ఈ పదునెనిమిది డిగ్రీలే పెట్టె చేసిన మేలు. పెట్టెలను పరీక్షించి ఫలితములు ప్రకటించువారు సాధారణముగా 20 నుండి 25 డిగ్రీల చల్లని గదిలో పరీక్షింతురు. వారికి 60 డిగ్రీలు వచ్చినదని చదివి రామగుండములోనో రెంటచింతలలోనో ఉన్నవారు సంతోషించుటకు ముందు, దానికి ఇంచుమించు ఇరువది కలుపుకొనవలెను. ఆ యూళ్ళ ఎండలలో మంచి పెట్టె విలాసవస్తువు కాదు.

ఆ వేసవిలో మిగిలిన ముహూర్తములకు పని ఆగలేదు. హుజూరాబాదు పోయినవారిలో ఒకరు రెండవ కుమార్తె పెండ్లికి తిరిగి వచ్చిరి. పాత అద్దపు పెట్టెను వీధిలోని ఒక విద్యార్థి 600 రూపాయలకు కొనెను. ఏ.టి.ఎక్స్. స్క్రూ రంధ్రముల అమరిక 1995 నాటినుండి మారకుండుటచే, అతని పాత బోర్డు అందులో చక్కగా అమరినది. ముందు అద్దమును తీసివేసి, కిటికీకి కొట్టు దోమతెర ముక్కను అంటించుకొమ్మని దుకాణదారుని కుమార్తె అతనికి చెప్పెను. అతడు అట్లే చేసెను. అందము పోయినది, పెట్టె బ్రతికినది.

క్రొత్త పెట్టెకు కావలసిన సేవ ఒక్కటే, దుమ్ముతెరను కడుగుట. వేసవిలో నెలకొకసారి చాలెడిది. కార్తికమునకు జమ్మికుంట మార్కెట్టులోనికి పత్తి బండ్లు వచ్చుట మొదలైన తరువాత గాలిలో సన్నని నూగు తేలుచుండును. పది దినములకే ముందు జాలిపై తెల్లని దుప్పటి పఱచినట్లు పత్తి పేరుకొనెను. ప్రాసెసరు వేడి ఐదు డిగ్రీలు పెరిగినట్లు తెఱ చూపెను. నాటినుండి పత్తి ఋతువు ముగియువఱకు ఆదివారము ప్రొద్దున తండ్రియే యంత్రమును ఆర్పి, ప్లగ్గు పీకి, తెరను లాగి కుళాయి క్రింద కడుగును. లోపలి ఫ్యానులను రంగులు వేయు మెత్తని కుంచెతో తుడుచును. తుడుచునపుడు రెక్క తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెనని కుమార్తె చెప్పి పోయినది. తెర పూర్తిగా ఆఱినగాని మరల పెట్టరాదు. అంతవఱకు అది దుకాణము ముందటి తాడుపై, తడి తువ్వాలు ప్రక్కన వ్రేలాడుచుండును.